అణు పరీక్ష మళ్లీ జరుగుతుందా? పర్సెంటేజీ మనమే వేసుకునే పద్ధతి, స్టెప్ బై స్టెప్

2025 అక్టోబర్ 30 పొద్దున్నే అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటా ఉంటే మా బావ ఫోన్ చేసినాడు. "ఏమప్పా, ట్రంపు అణుబాంబులు టెస్ట్ చేయమని ఆర్డర్ ఇచ్చినాడంట గదా, చూసినావా, ఇంగ అయిపోయినట్టే" అన్నాడు. నేను చూడలేదు. అయినా నోరు ఊరుకోదు కదా, "ఏడాదిలోపల జరగడానికి ఓ 20 పర్సెంట్ ఉంటుందిలే" అనేసినా. మధ్యాహ్నం కాలేజీలో ఖాళీ పీరియడ్ దొరికితే ట్రంప్ సోషల్ మీడియాలో పెట్టిన ఆ పోస్టు రెండుసార్లు నిదానంగా చదివి, నోటుబుక్కు తీసి లెక్క వేసుకుంటే 20 కాస్తా 4కి దిగింది. పొద్దున ఫోన్లో నేను చెప్పింది అంచనా కాదు, భయం. బావ చెప్పింది కూడా అదే.

నేను సైంటిస్టునేం కాదు, ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాణ్ణి. కానీ ఇట్లాంటి విషయాలకి నంబర్ వేసి, తేదీ రాసి, తర్వాత సరిపోయిందా లేదా చూసుకునే పిచ్చి కొన్నేళ్లుగా ఉంది. 2022లో ఘోరంగా బోల్తా పడినా, ఆ కథ మధ్యలో చెప్తా. ఈ పద్ధతికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏం అక్కర్లేదు, ఫోన్లో కాలిక్యులేటర్, ఒక నోటుబుక్కు, కొంచెం ఓపిక ఉంటే చాలు.

స్టెప్ 1: ముందు ప్రశ్న సరిగ్గా రాసుకోండి

సగం గొడవలు ఇక్కడే. "అణు పరీక్ష" అనే మాటకి జనం కనీసం నాలుగు అర్థాలు వాడతారు. ఒకటి నిజంగా బాంబు పేల్చడం, అంటే చైన్ రియాక్షన్ జరిగి ఎనర్జీ బయటికి రావడం. రెండోది సబ్‌క్రిటికల్ ప్రయోగం, ప్లుటోనియం మీద మామూలు పేలుడు పదార్థంతో దెబ్బ కొట్టి అది ఎట్లా నడుచుకుంటుందో చూడటం, కానీ చైన్ రియాక్షన్ నిలబడదు. అమెరికా నెవాడాలో భూమి కింద 1997 నుంచి ఇది చేస్తానే ఉంది, అది పరీక్షల నిషేధానికి విరుద్ధం కాదని వాళ్ల వాదన. మూడోది మిస్సైల్ టెస్ట్, వార్‌హెడ్ లేకుండా ఖాళీ మిస్సైల్ ఎగరేయడం. నాలుగోది రష్యా 2025 అక్టోబర్‌లో చేసినామని చెప్పుకున్న బురెవెస్నిక్, పొసైడాన్ లాంటివి. వాటి ఇంజిన్ అణుశక్తితో నడుస్తుంది తప్ప అక్కడ బాంబేం పేలలేదు. ట్రంప్ పోస్టు వచ్చింది ఈ నాలుగో రకం వార్తలు వచ్చిన వెంటనే, దక్షిణ కొరియాలో షీ జిన్‌పింగ్‌ని కలవడానికి కొంచెం ముందు. అందులో "ఇతర దేశాలతో సమానంగా" టెస్ట్ చేయాలని ఉంది. ఇతర దేశాలు ఏం టెస్ట్ చేస్తున్నాయి? మిస్సైళ్లు. అక్కడే నా 20లో సగం గాలి పోయింది.

కాబట్టి నా నోటుబుక్కులో ప్రశ్న ఇట్లా ఉంటుంది: "ఫలానా దేశం ఫలానా తేదీలోపల అణు పేలుడు చేసినట్టు తానే ప్రకటించాలి, లేదా భూకంప రికార్డులను బట్టి నిపుణులు ఎక్కువమంది ఒప్పుకోవాలి. సబ్‌క్రిటికల్, మిస్సైల్, ఇంజిన్ టెస్టులు లెక్కలోకి రావు." తేదీ లేని ప్రశ్నకి నంబర్ వేయడం దండగ. "ఎప్పటికైనా చేస్తారు" అనేది అంచనా కాదు, శాపనార్థం.

స్టెప్ 2: వార్త పక్కన పెట్టి చరిత్ర లెక్క చూడండి

మా జిల్లాలో జూన్ నెలలో మబ్బు పట్టగానే శెనక్కాయ విత్తనం వేసేసేవాళ్లు, ఆగి చూసేవాళ్లు అని రెండు రకాలు. ఆగి చూసేవాడు మబ్బు వంక చూడడు, "పోయిన పదేళ్లలో జూన్ రెండో వారంలో పదును ఎన్నిసార్లు అయింది" అని అడుగుతాడు. మనం ఆ రెండో మనిషిలా మొదలుపెట్టాలి.

లెక్కలు ఇవి. 1945 జులై 16 నుంచి ఇప్పటిదాకా ప్రపంచంలో 2,000కి పైగా అణు పరీక్షలు జరిగినాయి. అమెరికా ఒక్కటే 1,030, సోవియట్ యూనియన్ 715, ఫ్రాన్స్ 210, బ్రిటన్, చైనా చెరో 45. ఈ సంఖ్య చూస్తే ఎప్పుడూ జరిగే పనే అనిపిస్తుంది, కానీ ఆఖరి తేదీలు చూడండి: సోవియట్ 1990 అక్టోబర్, బ్రిటన్ 1991, అమెరికా 1992 సెప్టెంబర్ 23, ఫ్రాన్స్ 1996 జనవరి, చైనా 1996 జులై, ఇండియా, పాకిస్తాన్ 1998 మే. ఆ తర్వాత పేల్చింది ఉత్తర కొరియా ఒక్కటే, 2006 నుంచి 2017 సెప్టెంబర్ 3 దాకా ఆరుసార్లు. ఇప్పుడు మాట్లాడుకునేది మొదటి కాలం గురించి కాదు, ఈ రెండో కాలం గురించి.

దీన్ని పర్సెంటుగా మార్చడానికి పాత చిట్కా ఒకటి ఉంది, లాప్లాస్ పేరుతో చెప్తారు. ఎన్నిసార్లు జరిగిందో దానికి 1 కలపండి, ఎన్నేళ్లు గమనించినామో దానికి 2 కలపండి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. అమెరికాకి 1992 సెప్టెంబర్ నుంచి 2025 సెప్టెంబర్ దాకా 33 ఏళ్లు, సున్నా పరీక్షలు. 1 బై 35, అంటే దాదాపు 3 పర్సెంట్, ఏడాదికి. రష్యాకి 35 ఏళ్లు, 1 బై 37, అదీ 3 దగ్గరే. చైనా 29 ఏళ్లు, 1 బై 31, మళ్లీ 3.

ఉత్తర కొరియా దగ్గర మాత్రం ఈ చిట్కా మొండికేస్తుంది, ఎందుకంటే ఏ కాలం తీసుకుంటే ఆ జవాబు వస్తుంది. 2006 నుంచి 2025 దాకా 20 ఏళ్లలో 5 ఏళ్లలో పరీక్షలు జరిగినాయి (2016లో రెండు కాబట్టి ఏళ్లు ఐదే), 6 బై 22, అంటే 27 పర్సెంట్. 2017 తర్వాత ఎనిమిదేళ్లు మాత్రమే చూస్తే 1 బై 10, అంటే 10 పర్సెంట్. ఏది కరెక్ట్? రెండూ కాదు. ఆరు పరీక్షల తర్వాత వాళ్లకి కావాల్సింది చాలావరకు దొరికింది, ఆఖరిదాంతో హైడ్రోజన్ బాంబు అని ప్రకటించుకున్నారు కూడా, చైనాకి ఇంకో పరీక్ష అసలు ఇష్టం లేదు, కాబట్టి నేను 10కి దగ్గరగా, 12 అని వేసుకుంటా. ఇక్కడ నా జడ్జిమెంట్ కలిసింది, దాన్ని దాచుకోను. మీరు 15 వేసుకుంటే కొట్లాడను.

స్టెప్ 3: ఆపేసి మళ్లీ మొదలుపెట్టినోళ్లు ఎవరు, ఎందుకు

ఇది చాలామంది వదిలేస్తారు, నాకు మాత్రం ఇదే బంగారం లాంటి భాగం. విరామం ఇచ్చి తిరిగి పేల్చిన కేసులు చరిత్రలో చేతి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

1958 చివర్లో అమెరికా, సోవియట్ రెండూ ఆపినాయి. 1961 ఆగస్టు ఆఖర్లో సోవియట్ "మళ్లీ మొదలుపెడుతున్నాం" అని ప్రకటించి సెప్టెంబర్ 1నే పేల్చేసింది. అంటే ప్రకటనకి పేలుడుకి మధ్య ఒకటి రెండు రోజులే, తయారీ అంతా ముందే గుట్టుగా అయిపోయింది. సరిగ్గా రెండు వారాలకి, సెప్టెంబర్ 15న అమెరికా కూడా పేల్చింది. తర్వాత 1985 ఆగస్టు 6న, హిరోషిమా రోజున, సోవియట్ నాయకుడు గోర్బచేవ్ ఒంటరిగా ఆపినాడు, అమెరికా ఆపలేదు, "1987లో మీరు మొదటిది పేల్చగానే మేమూ మొదలుపెడతాం" అని ముందే చెప్పి, ఫిబ్రవరిలో అమెరికా పేల్చినాక అదే నెల 26న మాట నిలబెట్టుకున్నాడు. ఫ్రాన్స్ 1992లో ఆపింది, 1995 జూన్ 13న కొత్తగా వచ్చిన అధ్యక్షుడు షిరాక్ టీవీలో చెప్పి, సెప్టెంబర్ 5న పసిఫిక్‌లో మురురోవా దగ్గర పేల్చి, ఆరు చేసి, ప్రపంచమంతా తిట్టిపోస్తే 1996 జనవరిలో శాశ్వతంగా మూసేసింది. మనది 1974 మే 18 నుంచి 1998 మే 11 దాకా 24 ఏళ్ల విరామం.

వీటిలో నాకు కనిపించేది ఏందంటే, సైన్సు అవసరం ఒక్కటే ఎవర్నీ కదిలించలేదు. అధికారం మారడం, పక్కోడు చేయడం, తలుపు మూసుకుపోతుందనే తొందర (ఫ్రాన్స్‌కి నిషేధ ఒప్పందం రాబోతోంది, అది 1996 సెప్టెంబర్‌లో సంతకాలకి వచ్చింది), ఈ మూడింట్లో కనీసం ఒకటి లేకుండా ఎవరూ మళ్లీ మొదలుపెట్టలేదు. కాబట్టి ఏ దేశం గురించి అడిగినా ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

స్టెప్ 4: రిగ్గు లారీ వేరు, మోటార్ వేరు

ఇప్పుడు సంకేతాలు. అనంతపురం జిల్లాలో పుట్టినోళ్లకి ఇది వివరంగా చెప్పక్కర్లేదు. ఊర్లోకి రిగ్గు లారీ వచ్చిందంటే ఎవడో బోరు వేస్తున్నాడని అర్థం, నీళ్లు పడినట్టు కాదు. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని పాయింట్ చూసేవాడు వచ్చినాడంటే అది ఇంకా వట్టి మాట. కానీ రైతు అప్పు చేసి మోటార్, పైపులు కొని కరెంటు కనెక్షన్‌కి డబ్బు కట్టినాడంటే, అప్పుడు నీళ్లు పడినాయని మీరు చూడకుండానే నమ్మొచ్చు. ఎందుకు? ఖర్చు పెట్టి వెనక్కి తీసుకోలేని పని కాబట్టి.

అణు పరీక్షల్లోనూ అచ్చం ఇంతే. అన్నిటికంటే చవక మాటలు. నాయకుడి పోస్టు, మంత్రి బెదిరింపు, టీవీ డిబేట్. ఇవన్నీ కొబ్బరికాయ. దాని పైన కాగితాలు: 2023 నవంబర్ 2న రష్యా సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం, అదే సీటీబీటీ, దాని ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది. పెద్ద వార్తే, కానీ సంతకం అట్లే ఉంచింది, "అమెరికా కూడా ఆమోదించలేదు కదా, సమానం చేసుకున్నాం" అంది. అమెరికా సెనేట్ 1999 అక్టోబర్‌లో 48-51తో దాన్ని తిరస్కరించింది, సంతకం మాత్రం ఇంకా ఉంది. రేపు ఎవరైనా ఆ సంతకాన్నే వెనక్కి తీసుకుంటే అప్పుడు నా నంబర్ గట్టిగా కదులుతుంది.

దాని పైన తవ్వకం. 2023లో రష్యా నోవయా జెమ్ల్యా, చైనా లోప్ నూర్, అమెరికా నెవాడా, ఈ మూడు పాత అణు పరీక్షా స్థలాల్లోనూ కొత్త సొరంగాలు, రోడ్లు, షెడ్లు శాటిలైట్ ఫోటోల్లో కనపడినాయని వార్త వచ్చింది. నిజమే, కనపడినాయి. కానీ సబ్‌క్రిటికల్ ప్రయోగాలకీ సొరంగం కావాలి, "అవసరమైతే రెడీగా ఉండాలి" అనుకున్నా సొరంగం కావాలి. ఇది రిగ్గు లారీ. నెవాడాలో ఐస్‌క్యాప్ అనే పరీక్ష కోసం కట్టిన టవర్ 1992లో పని ఆగిపోయినప్పటి నుంచి ఇంకా నిలబడే ఉంది, ముప్పై ఏళ్లకి పైగా. బోరు కాడ తుప్పు పట్టిన పైపులు చూసి నీళ్లున్నాయనుకుంటామా?

ఇంగ మోటార్ ఏది? బాంబు దించిన తర్వాత గుంతని కంకర, కాంక్రీటుతో పూడ్చడం. కొలతల కేబుళ్లు సొరంగం నోటి నుంచి బయటి ట్రైలర్ల దాకా లాగడం. మామూలు కార్మికులని ఖాళీ చేయించడం. సముద్రం, ఆకాశం మూసేస్తూ నోటీసులు. అమెరికా విషయంలో కాంగ్రెస్‌లో పేరు పెట్టి డబ్బు కేటాయించడం. వీటిలో రెండు మూడు కలిసి కనపడితే లేచి కూర్చోండి.

నా 2022 బోల్తా ఇక్కడే. ఆ ఏడాది ఉత్తర కొరియా తన పరీక్షా స్థలం పుంగ్యే-రీలో, 2018 మేలో తామే పేల్చి మూసేసిన సొరంగాల్లో ఒకదాన్ని మళ్లీ తెరిచింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా చెప్పింది, అమెరికా, దక్షిణ కొరియా అధికారులు "ఏ రోజైనా" అన్నారు. నేను ఏడాది ఆఖరికి 70 పర్సెంట్ అని రాసి, బావతో ఉగ్గాని పందెం కాసినా. డిసెంబర్ 31 వచ్చింది, పోయింది. 2023 పోయింది, 24 పోయింది. ఓడింది నేను, కొనిపెట్టింది నేను, దానిమీద మిరపకాయ బజ్జీ ఎక్స్‌ట్రా. తయారుగా ఉండటం, చేయాలనుకోవడం రెండూ వేరు వేరు అని అప్పుడు బుర్రకెక్కింది. చేయగలిగి చేయకపోవడం కూడా ఒక ఆయుధమే వాళ్లకి.

ఇంకోటి, సంకేతం కానిదాన్ని సంకేతం అనుకోవద్దు. మా చుట్టాలు కడప జిల్లా వేముల మండలంలో ఉంటారు, తుమ్మలపల్లి యురేనియం గని అక్కడే. అణు వార్త ఏది వచ్చినా "మా దగ్గర లారీలు ఎక్కువ తిరుగుతున్నాయి, ఏదో జరగబోతోంది" అంటారు. ఖనిజం తవ్వడం ఏడాది పొడుగునా సాగే పని, దానికీ రేపు మన అణు పరీక్షా స్థలం పొఖ్రాన్‌లో ఏమైనా జరగడానికీ పొంతన లేదు.

స్టెప్ 5: దాచేవాడు ఎవడు, చాటుకునేవాడు ఎవడు

పైన చెప్పిన మోటార్ లెక్క అందరికీ ఒకేలా పనిచేయదు. దీనికి మన కథే గొప్ప ఉదాహరణ, అందులో కర్నూలు జిల్లా వాటా కూడా ఉంది.

1995 డిసెంబర్‌లో ప్రధాని పీవీ నరసింహారావు. ఆయన అప్పుడు నంద్యాల ఎంపీ, 1991 ఉప ఎన్నికలో 5.8 లక్షల ఓట్ల మెజారిటీతో గెలిపించింది మనోళ్లే. మా మేనమామ ఇప్పటికీ "మా ఎంపీ" అనే అంటాడు. పొఖ్రాన్‌లో షాఫ్ట్‌ల దగ్గర పనులు అమెరికా శాటిలైట్‌కి దొరికినాయి, అమెరికా రాయబారి ఫ్రాంక్ విస్నర్ ఫోటో తెచ్చి ప్రధాని ప్రిన్సిపల్ సెక్రటరీకి చూపించినాడు, డిసెంబర్ 15న న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది. పరీక్ష ఆగిపోయింది. ఆ నెలలో మీరు పందెం కాసి ఉంటే సంకేతాలన్నీ "జరుగుతుంది" వైపే, చివరికి జరగలేదు, ఎందుకంటే సంకేతం బయటపడటమే దాన్ని ఆపేసింది. ఇది మనసులో పెట్టుకోండి: చూడటం వల్ల చూసేది మారిపోతుంది.

మూడేళ్లకి కథ తిరగబడింది. వాజ్‌పేయి 1998 మార్చి 19న ప్రమాణం చేసినాడు. బీజేపీ మేనిఫెస్టోలోనే అణ్వాయుధాలు సమకూర్చుకునే మాట ఉంది, అందరూ చదివినారు, ఎవరూ నమ్మలేదు. ఏప్రిల్ 6న పాకిస్తాన్ ఘౌరీ మిస్సైల్ ఎగరేసింది. ఆర్మీ ఇంజినీర్లు రాత్రిపూట పనిచేసి తెల్లవారేలోపు యంత్రాలని ఎప్పుడూ ఉండేచోటే నిలబెట్టేవాళ్లు, శాస్త్రవేత్తలు కలాం, ఆర్. చిదంబరం మిలిటరీ యూనిఫారంలో మారుపేర్లతో తిరిగినారు. 1995లో పట్టుబడింది ఎట్లాగో తెలుసు కాబట్టి ఈసారి దాచడం కూడా తెలిసింది. మే 11న మూడు, 13న రెండు. అమెరికా నిఘా వాళ్లకి తెలిసింది మన ప్రకటన తర్వాతే. తర్వాత అమెరికా అడ్మిరల్ జెరెమయా విచారణ చేసి చెప్పిన తమవాళ్ల తప్పు ఏందంటే, ఇండియా వాళ్లు కూడా మనలాగే ఆలోచిస్తారు, ఆంక్షలకి భయపడతారు అనుకోవడం.

కాబట్టి ఒక్కో దేశానికి పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. ఫ్రాన్స్ లాంటిది ముందు చెప్పి చేసింది. 1961 సోవియట్, 1998 ఇండియా దాచి చేసినాయి. దాచేవాళ్ల దగ్గర "ఏం కనపడలేదు" అనేదానికి పెద్ద విలువ లేదు, చాటుకునేవాళ్ల దగ్గర అదే మాటకి చాలా విలువ ఉంది. మేనిఫెస్టోలో రాసింది మాత్రం కొబ్బరికాయ అని కొట్టిపారేయొద్దు, కొత్తగా గెలిచినోడు రాసుకున్న మాటకి మామూలు ప్రకటన కంటే ఎక్కువ బరువు వేయాలి.

స్టెప్ 6: నంబర్ కదిలించడం

ఇది కూడికలు తీసివేతలతో కాదు, నిష్పత్తితో చేయాలి. 3 పర్సెంట్ అంటే 3కి 97. కొత్త వార్త వచ్చినప్పుడు ఒకటే ప్రశ్న: నిజంగా పరీక్ష జరగబోయే లోకంలో ఈ వార్త రావడానికి, జరగని లోకంలో రావడానికి ఎన్ని రెట్లు తేడా? ఆ రెట్టుతో మొదటి అంకెని హెచ్చించండి.

అక్టోబర్ 30 మధ్యాహ్నం నేను చేసింది ఇది. అధ్యక్షుడే నోరు తెరిచి చెప్పినాడు, నాలుగు రెట్లు అనుకున్నా, 12కి 97. కానీ పోస్టులో ఆర్డర్ ఇచ్చింది యుద్ధ శాఖకి, అంటే వాళ్ల రక్షణ శాఖకే పెట్టిన కొత్త పేరు. అమెరికాలో అణు పేలుడు పరీక్షలు చేసేది ఇంధన శాఖ కింద ఉండే సంస్థ, మిలిటరీ కాదు; మిలిటరీ చేసేది మిస్సైల్ టెస్టులు. పైగా అన్ని కొలతలతో పూర్తి పరీక్ష చేయాలంటే 24 నుంచి 36 నెలలు పడుతుందని వాళ్ల అధికారిక లెక్క, ఊరికే ఒకటి పేల్చి చూపించడానికైనా నెలలు కావాలి. నా ప్రశ్న ఏడాదికి. అందుకే మూడోవంతు చేసినా: 4కి 97, అంటే 4 పర్సెంట్. నవంబర్ 2న ఇంధన మంత్రి క్రిస్ రైట్ ఇవి అణు పేలుళ్లు కావు, మిగతా భాగాల టెస్టులు అని చెప్పినాడు, దాన్ని 0.6తో హెచ్చిస్తే 2.4 దగ్గరికి దిగింది. నవంబర్ 5న పుతిన్ పరీక్షల తయారీ మీద ప్రతిపాదనలు ఇవ్వమని తన అధికారులకి చెప్పినాడు, రెండువైపులా ఒకర్నొకరు చూసుకుని ఎగదోసుకునే పని కాబట్టి కొంచెం పెంచి 3 దగ్గర ఆపినా. వారమంతా టీవీలు ఊగిపోయినాక నేను మొదలుపెట్టిన చోటికే వచ్చినా చూడండి.

ఈ రెట్లు నేనే ఊహించుకున్నవి, ఎవరూ కొలిచినవి కాదు. కానీ "నాలుగు రెట్లు" అని కాగితం మీద రాస్తే రేపు మీరే ప్రశ్నించుకోగలరు, "చాలా ఎక్కువ" అని రాస్తే ఎవడు ప్రశ్నిస్తాడు?

గడువు మార్చినప్పుడు జాగ్రత్త. ఏడాదికి 3 అంటే ఐదేళ్లకి 15 కాదు, 0.97ని ఐదుసార్లు హెచ్చించి 1లోంచి తీసేస్తే 14 వస్తుంది. చిన్న నంబర్లకి తేడా తెలీదు, ఉత్తర కొరియా 12 పర్సెంట్‌కి ఐదేళ్ల లెక్క వేయండి, 60 కాదు 47. మూడు నెలలకి అడిగితే 3 పర్సెంట్ కాస్తా 0.8కి దిగుతుంది.

స్టెప్ 7: ఒకడి వెనక ఒకడు

ఇండియా మళ్లీ చేస్తుందా అని పిల్లలు క్లాసులో అడుగుతారు. దీనికి నేరుగా నంబర్ వేయలేం, రెండు ముక్కలు చేయాలి. మూడేళ్లలో అమెరికా, రష్యా, చైనాల్లో ఎవరో ఒకరు పేల్చడానికి 10 పర్సెంట్ అనుకుందాం (ఒక్కొక్కటి విడివిడిగా కూడితే ఎక్కువ వస్తుంది, కానీ అవి ఒకదాన్నొకటి చూసుకుని ఆగినవి కాబట్టి తగ్గించినా). వాళ్లలో ఎవరైనా చేస్తే మనం కూడా చేయడానికి 30 అనుకుందాం. 10లో 30 పర్సెంట్ అంటే 3. ఎవరూ చేయకుండా మనమే ముందుగా దూకడానికి 0.3 చాలు. మొత్తం 3.3, మూడేళ్లకి.

30 ఎందుకు, 80 ఎందుకు కాదు? చేయడానికి కారణం ఉంది: 1998 హైడ్రోజన్ బాంబు అనుకున్నంత పేలలేదని ఆ టీంలోనే ఉన్న సంతానం 2009లో బహిరంగంగా అన్నారు, ప్రభుత్వం కాదంది, ఆ సందేహం అట్లే మిగిలిపోయింది. ఆపడానికీ కారణం ఉంది: మనం సీటీబీటీ మీద సంతకమే పెట్టకపోయినా, 2008 సెప్టెంబర్‌లో అణు ఇంధనం, సామగ్రి అమ్మే దేశాల కూటమి దగ్గర దొరికిన మినహాయింపు మన స్వచ్ఛంద నిషేధం మాట మీద నిలబడి ఉంది. పేలిస్తే రియాక్టర్ల ఇంధనం దగ్గర నుంచి లెక్క మళ్లీ మొదలు.

గొలుసు ఎప్పుడూ తెగకుండా సాగుతుందనీ అనుకోవద్దు. 1961లో రెండు వారాలు, 1998లో మన తర్వాత పాకిస్తాన్‌కి 17 రోజులు. కానీ ఉత్తర కొరియా ఆరుసార్లు పేల్చినా వేరే ఒక్క దేశం కూడా "అయితే మేమూ" అనలేదు.

స్టెప్ 8: జరిగిందని ఎట్లా తెలుస్తుంది

చిన్న స్టెప్పే. సీటీబీటీ కింద ప్రపంచమంతా 337 కేంద్రాల నెట్‌వర్క్ ప్లాన్ చేసినారు, భూకంప తరంగాలు, సముద్రంలో శబ్దం, గాలిలో మనకి వినపడని శబ్దం, గాల్లో రేడియోధార్మిక కణాలు, నాలుగూ చూస్తారు. 2017 ఉత్తర కొరియా పేలుడు 6 పాయింట్ పైన భూకంపంలా రికార్డ్ అయింది, దాచే ప్రశ్నే లేదు. మన పక్కనే ఇంకోటి ఉంది: హిందూపురం దాటి బెంగళూరు రైల్లో పోతే గౌరీబిదనూర్ వస్తుంది కదా, అక్కడ భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ల భూకంప గ్రాహకాలు ఎల్ ఆకారంలో పరిచి ఉంటాయి, 1965 నుంచి దూరదేశాల అణు పేలుళ్లు వినడమే దాని ప్రధాన పని. ఆ స్టేషన్‌లో టీ తాగినోళ్లు వేలమంది, ఈ సంగతి తెలిసినోళ్లు ఎందరో.

చిక్కు చిన్న పేలుళ్లతో. 1997 ఆగస్టు 16న నోవయా జెమ్ల్యా దగ్గర కదలిక వస్తే రష్యా పేల్చిందని వాషింగ్టన్‌లో గోల, తర్వాత అది సముద్రం కింద భూకంపమని తేలింది. అందుకే స్టెప్ 1లో "ప్రకటించాలి లేదా నిపుణులు ఎక్కువమంది ఒప్పుకోవాలి" అని రాసుకోమన్నది, లేకపోతే పందెం దగ్గర కొట్లాట ఖాయం.

స్టెప్ 9: రాసిపెట్టి మార్కులు వేసుకోండి

తేదీ, ప్రశ్న, నంబర్, రెండు లైన్ల కారణం. మూడు నెలలకి ఒకసారి తెరవండి, రోజూ కాదు, రోజూ తెరిస్తే టీవీ మీ చేతిలో పెన్ను లాక్కుంటుంది. గడువు అయినాక మార్కు వేయడం సులభం: జరిగితే 1, జరక్కపోతే 0, దాన్నుంచి మీ నంబర్ తీసేసి వర్గం చేయండి. తక్కువ వస్తే మంచిది. నా 2022 కొరియా అంచనాకి 0.49 వచ్చింది, కళ్లు మూసుకుని 50 అని చెప్పినోడికి 0.25 వచ్చేది, అంటే నేను నాణెం ఎగరేసినా ఇంతకంటే నయం.

ప్రస్తుతం పేజీలో ఏడాదికి ఉత్తర కొరియా 12, అమెరికా 3, రష్యా 3, చైనా 3, ఇండియా 1, పాకిస్తాన్ 1. పక్కన బావకి ఒక కాలమ్ ఉంది, అందులో ఆరింటికీ 50. జరక్కపోతే అమెరికా దగ్గర నాకు 0.0009, ఆయనకి 0.25 అని లెక్క చూపించినా. బావ బజ్జీ విరుస్తా "జరిగితే?" అన్నాడు.

"జరిగితే నాకు 0.94, నీకు అదే 0.25. ఉగ్గాని నేనే కొనిపెడతా" అన్నా.

"రాసుకో" అన్నాడు. రాసినా.